పాఠం చెప్పని గురువులు

పిల్లవాణ్ణి యూనివర్శిటీలో చేర్పించబోయే ముందు మనం ఎన్ని ఆరాలు తీస్తాం! ఫీజు ఎంత, హాస్టలు భోజనం ఎలా వుంటుంది, ప్రొఫెసర్లు క్లాసులకు సరిగా వస్తారా, చదువు ముగిశాక ఉద్యోగం దొరుకుతుందా - అన్నీ అడుగుతాం. కాని "అక్కడి లైబ్రరీ ఎలాంటిది?" అని అడిగిన తల్లిదండ్రులను, ముప్ఫయ్యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేను, వేళ్లమీద లెక్కపెట్టగలను.

అడగకపోవడానికి కారణం లేకపోలేదు. లైబ్రరీ అంటే పుస్తకం ఇచ్చి, గడువు దాటితే జుల్మానా వేసే చోటని మన అభిప్రాయం. ఆ బల్ల వెనుక కూర్చున్న మనిషికీ, మన పిల్లల చదువుకీ సంబంధం ఏమిటి అనుకుంటాం.

మనదాకా ఎందుకు? షియాలి రామామృత రంగనాథన్ గారికే మొదట ఆ పని రుచించలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన 1924 జనవరిలో మద్రాసు యూనివర్శిటీ లైబ్రేరియన్‌గా చేరారు. కొద్దిరోజులకే విసుగెత్తి, నన్ను మళ్లీ పాఠాలకే పంపండని మొరపెట్టుకున్నారు. ముందు ఇంగ్లండు వెళ్లి చదివి రండి, వచ్చాక కూడా ఇదే మాట అంటే అప్పుడు చూద్దాం అన్నారు పెద్దలు. లండన్‌లో చదువుకొని, అక్కడి గ్రంథాలయాలెన్నో తిరిగి చూసి, 1925లో ఓడ దిగేసరికి ఆయన మనసు పూర్తిగా మారిపోయింది. ఆ తరువాత దాదాపు రెండు దశాబ్దాలు ఆ కొలువు విడవలేదు.

పుస్తకాలున్నది వాడుకోవడానికేగాని దాచుకోవడానికి కాదనీ, చదివేవాడి కాలం వృథా కానివ్వకూడదనీ చెప్పే ఆయన పంచ సూత్రాలు 1931లో అచ్చయ్యాయి. 1933లో "కోలన్" వర్గీకరణ వెలువడింది. లండన్‌లో ఒక దుకాణంలో చూసిన మెకానో బొమ్మలే దానికి ప్రేరణ అంటారు. చిన్న చిన్న ముక్కలు బిగించి బండి చేసినట్టు, ఒక విషయాన్ని భాగాలుగా విడదీసి, వాటి గుర్తులను కలిపి పుస్తకానికి నంబరు వేస్తారన్నమాట. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12ను మన దేశంలో గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక పాఠం చెప్పేవాడికి లైబ్రరీ ఏం చేస్తుందో చూడండి. నా క్లాసులో అరవైమంది. నేను చదవమన్న పుస్తకం ఒకే ఒక్క ప్రతి. దాన్ని చురుకైన కుర్రవాడొకడు పట్టుకుపోతే మిగతా యాభై తొమ్మిదిమందికీ గైడే గతి. టర్ము మొదలయ్యే ముందే జాబితా ఇమ్మని లైబ్రేరియన్ నన్నడిగారు. ఆ పుస్తకాలను విడిగా తీసిపెట్టి, ఇంటికి ఇవ్వకుండా, రెండేసి గంటలు అక్కడే కూర్చుని చదువుకునే ఏర్పాటు చేశారు. అంతటితో వూరుకోలేదు. "ఒక్క గంట మీ క్లాసును నాకు అప్పగించండి" అన్నారు. కేటలాగు ఎలా వెతకాలి, పాత పత్రికల బైండు సంపుటాల్లో తేదీ ఎలా పట్టుకోవాలి, ఎవరి మాట ఎక్కడినుంచి తీసుకున్నామో ఎలా రాసుకోవాలి - ఇవీ ఆ గంటలో ఆయన చెప్పినవి. అంతకుముందు నాకు అరవై ఒకే రకం జవాబులు వచ్చేవి. ఆ ఏడు దిద్దుతూ వుంటే నాకే కొత్త విషయాలు తెలిశాయి!

చేతిలో ఫోను వుండగా లైబ్రరీ ఎందుకని ఈనాటి పిల్లలు అడగవచ్చు. మా మేనకోడలూ అలాగే అడిగింది. చేనేత సహకార సంఘాల మీద పిహెచ్.డి. చెయ్యాలని సరదాపడి, విషయం ఖాయం చేసుకొని, వూళ్లు తిరగడానికి సిద్ధమైంది. "ఇది ఇదివరకెవరైనా చేశారేమో చూశావా, అమ్మా?" అని అడిగింది వాళ్ల లైబ్రేరియన్. పరిశోధన గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని యు.జి.సి. 2009లో నియమం పెట్టింది. వాటిని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం "శోధ్‌గంగ" పేరుతో అందరికీ అందుబాటులో వుంచుతోంది. ఇద్దరూ కూర్చుని వెతికితే ఇంచుమించు అదే విషయం మీద, అదే జిల్లా మీద, వేరొక యూనివర్శిటీలో ఒక గ్రంథం కనబడింది.

పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ మాత్రం నిదానంగా, "ఆఖరి అధ్యాయం చదువు. ఆయన ఏది చెయ్యలేకపోయాడో అక్కడుంటుంది" అన్నారట. ఆ గ్రంథమంతా మగ్గం మీద కూర్చునే మగవారి అప్పుల గురించే. ఇంట్లో కండెలు చుట్టే ఆడవారి శ్రమకు లెక్కేమిటో ఎవరూ తీయలేదు. ఇప్పుడు మా పిల్ల రాస్తున్నది దాన్నిగురించే. ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషి లేకపోతే రెండేళ్ల కష్టం, మా అక్కయ్య పంపిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరయ్యేవి. ఫోను అడిగినదానికి జవాబిస్తుంది. అడగవలసినదేమిటో తెలిసిన మనిషి వేరు.

పరిశోధన పత్రికల ఖరీదు మధ్యతరగతివారు భరించేది కాదు. అందుకే కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న "ఒకే దేశం - ఒకే చందా" పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల పత్రికలు సుమారు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు 6,300 పైచిలుకుకు అందేలా తలపెట్టింది. పెద్ద పట్నం యూనివర్శిటీలో చదివేవారికీ, మారుమూల ప్రభుత్వ కాలేజీలో చదివేవారికీ ఒకే విందన్నమాట. కాని విస్తరి వేసినంత మాత్రాన కడుపు నిండదు కద! చెయ్యి పట్టుకు తీసుకెళ్లి కూర్చోబెట్టేవారు కావాలి. చందా కట్టి, లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా వుంచితే ఆ విందు ఎవరికి?

1914లోనే బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకొని, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి పూనికతో వూరూరా పుస్తకాలు పంచుకున్న జాతి మనది. మన పిల్లలు లైబ్రరీని పోటీ పరీక్షలకు చల్లని హాలుగా మాత్రమే వాడుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

కనుక పిల్లలు హాస్టలుకు బయలుదేరేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు ఒక మాట కూడా మూటగట్టి పంపండి: మొదటి వారంలోనే లైబ్రరీకి వెళ్లి, అక్కడి లైబ్రేరియన్‌కు నమస్కారం పెట్టి, "నేను ఫలానా చదువుతున్నాను, నాకు పనికొచ్చేవి ఏమున్నాయి?" అని అడగమనండి. ఆ ప్రశ్న కోసం అక్కడ ఎదురుచూసేవారున్నారు.