భూమి కదిలినప్పుడు వంతెన ఏమవుతుంది?

2021 డిసెంబరు 22వ తేదీ ఉదయం ఏడు గంటలు దాటిన కొద్దిసేపటికి చిక్కబళ్ళాపురం ప్రాంతంలో కొన్ని నిమిషాల వ్యవధిలోనే రెండుసార్లు భూమి కంపించింది. వాటి పరిమాణం 2.9, 3.0గా నమోదయింది. ఇళ్లలోని పాత్రలు కదిలాయి, జనం వీధుల్లోకి వచ్చారు. నాటి నుండి బాగేపల్లి మీదుగా 44వ జాతీయ రహదారిపై అనంతపురం వైపు, చింతామణి మీదుగా మదనపల్లె వైపు రాకపోకలు సాగించే తెలుగువారిలో ఒక సందేహం నిలిచిపోయింది: భూకంపం వస్తే ఈ వంతెనలు నిలుస్తాయా?

ముందుగా పరిమాణం సంగతి చూద్దాం. పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 3 పరిమాణం గల ప్రకంపనకూ 6 పరిమాణం గల భూకంపానికీ నడుమ శక్తిలో 30 వేల రెట్లకు పైగా తేడా ఉంటుంది. చిన్న ప్రకంపన మన కాళ్ల కిందనే పుట్టినందువల్ల పెద్ద శబ్దం చేస్తుంది. అయితే అందులోని కంపనాలు అతి వేగంగా, అతి సూక్ష్మంగా ఉంటాయి. కిటికీ అద్దం గలగలలాడుతుందే తప్ప వందల టన్నుల వంతెన వాటికి స్పందించే లోపే అవి ముగిసిపోతాయి.

పెద్ద భూకంపం సమీపంలోనే సంభవిస్తే పరిస్థితి వేరు. భూమిలోని శిలలు ఒక పగులు వెంట జారడమే భూకంపానికి మూలం. ఆ పగులును భ్రంశం అంటారు. జారుడు ఒకచోట మొదలై భ్రంశం వెంట సెకనుకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగుతుంది. అది వెలువరించే తరంగాల వేగమూ దాదాపు అంతే కావడంతో, ఎదురుగా ఉన్న ప్రదేశానికి ఆ తరంగాలన్నీ పోగుపడి ఒకే పెద్ద తోపుగా చేరుతాయి.

బస్సులో నిలబడి ప్రయాణించేవారికి ఈ తేడా అనుభవమే. గతుకుల దారిలో ఎంతసేపు కుదిపినా నిలదొక్కుకుంటాం. డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే ముందుకు తూలిపోతాం. భ్రంశానికి దూరంగా ఉన్న వంతెనకు కలిగేది గతుకుల కుదుపు. సమీపంలో ఉన్నదానికి తగిలేది బ్రేకు దెబ్బ. పైగా భ్రంశం నేలను చీలిస్తే అటూ ఇటూ ఉన్న భూమి శాశ్వతంగా స్థానం మారుతుంది. నిలువు కంపనం కూడా అక్కడ బలంగా ఉంటుంది.

వంతెనలో ముఖ్యంగా పరిశీలించవలసినవి రెండు చోట్లు. మొదటిది దూలం కొన స్తంభం తలపై ఆనుకొనే చోటు. అక్కడ బేరింగు ఉంటుంది. ఆనిక వెడల్పు తక్కువైతే స్తంభాలు ఎడంగా ఊగినప్పుడు దూలం జారి కింద పడుతుంది. రెండవది స్తంభం. దానిలోని నిలువు ఊచలను చుట్టి పట్టుకొనే రింగులు దగ్గర దగ్గరగా లేకపోతే కాంక్రీటు చిట్లి స్తంభం ఒరిగిపోతుంది.

1995 జనవరి 17న జపానులోని కోబే నగరంలో హాన్‌షిన్ ఎత్తు రహదారి 635 మీటర్ల మేర పక్కకు ఒరిగి కూలింది. 1999 నవంబరు 12న తుర్కియేలో సంభవించిన భూకంపంలో నిర్మాణం దాదాపు పూర్తయిన బోలు వంతెన కిందుగానే భ్రంశం చీలింది. దూలాలు బేరింగుల నుండి తప్పుకున్నాయి గాని కింద పడలేదు. మన దేశంలో 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో కచ్ఛ్‌కు దారితీసే సూరజ్‌బారి వంతెన బేరింగులు దెబ్బతిన్నాయి. ఈ అనుభవాల ఫలితంగానే వెడల్పాటి ఆనికలు, దూలం పక్కకు జరగకుండా ఆపే కాంక్రీటు దిమ్మెలు, దట్టమైన రింగులు నిర్మాణ నియమాలలో చోటు చేసుకున్నాయి. మన దేశంలో రహదారి వంతెనల భూకంప నిరోధక రూపకల్పనకు భారతీయ రహదారుల కాంగ్రెసు 2018లో ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది.

మన జిల్లా సంగతేమిటి? 2002లో సవరించిన భూకంప మండలాల పటంలో ఈ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదం గల రెండవ మండలంలో ఉంది. కోబేలో వలె పెద్ద భ్రంశంపై మనం నివసించడం లేదు. అందువల్ల చిన్న ప్రకంపనకు భయపడనవసరం లేదు. అయితే నిర్లక్ష్యమూ తగదు. 1993 సెప్టెంబరు 30న వేలమందిని బలిగొన్న మహారాష్ట్రలోని కిల్లారి కూడా నాటి పటంలో అత్యల్ప ప్రమాద మండలంలోనే ఉండేది. ఆ తరువాతనే మొదటి మండలాన్ని పటం నుండి తొలగించారు.

పౌరులుగా మనం చేయదగినవి కొన్ని ఉన్నాయి. భూమి కంపిస్తున్నట్లు తెలిస్తే వాహనాన్ని మెల్లగా పక్కకు తీసి వంతెనకు ముందే ఆపండి. వంతెన కింద మాత్రం ఆగకండి. కంపనం ఆగిన తరువాత అంచు గోడల వరుస వంకరపోయినా, రోడ్డు అతుకు వద్ద కొత్త ఎగుడుదిగుడు కనిపించినా ఆ వంతెన ఎక్కకండి. జాతీయ రహదారిపై అయితే 1033కు, అత్యవసర పరిస్థితిలో 112కు తెలియజేయండి. మామూలు రోజులలోనూ అతుకుల్లో మట్టి పేరుకున్నా, స్తంభం పెచ్చులూడి ఊచలు బయటపడినా అధికారుల దృష్టికి తీసుకురండి. పెద్ద భూకంపం ఎన్నడు వచ్చినా, వంతెన ఎదుర్కొనేది ఆనాటికి తనకు మిగిలిన బలంతోనే.