పరమాణువు గుట్టు విప్పిన ఊరు

మాంచెస్టర్‌లో ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీద విశ్వవిద్యాలయం దగ్గర పక్కకు తిరిగితే కూప్లాండ్ వీధి వస్తుంది. అక్కడ 1900లో భౌతికశాస్త్ర ప్రయోగశాలగా తెరిచిన ఎర్ర ఇటుకల భవనం ఇంకా నిలిచే ఉంది. గోడ మీద, ఒకప్పుడు ఆ ప్రయోగశాలను నడిపిన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ పేరుతో ఓ ఫలకం. పరమాణువు నడుమ కేంద్రకం ఉందని తేలింది ఇక్కడే.

ఈ ఊరికి పరమాణువుతో చుట్టరికం అంతకు వందేళ్ల ముందునుంచే ఉంది. నేతపనివాడి కొడుకు జాన్ డాల్టన్ 1793లో ఇక్కడికి పంతులుగా వచ్చాడు. పదార్థమంతా పరమాణువులేననీ, ఒక్కో మూలకపు పరమాణువుకు ఒక్కో బరువనీ, వాటిని చీల్చలేమనీ ఇక్కడి జార్జ్ వీధిలోని పండిత సంఘంలో వాదించాడు. 1844లో ఆయన కన్నుమూస్తే కడసారి చూపుకు 40,000 మందికి పైగా వచ్చారు. ఒక సైన్సు పంతులికి ఓ ఊరు అంత మర్యాద చేసిందంటే ఇప్పటికీ మనసు పొంగుతుంది. ఆ సంఘం ఇల్లు, అందులోని డాల్టన్ కాగితాల్లో చాలాభాగం 1940 బాంబుదాడిలో కాలిపోయాయి. నగరం నడిబొడ్డున ఆయన పేరిట ఓ వీధి ఉంది.

చీలదన్న పరమాణువులోంచి మొదటి ముక్కను బయటికి తీసినవాడూ ఈ ఊరివాడే. జె.జె.థామ్సన్ 1856లో చీటమ్ హిల్‌లో పుట్టి, 14 ఏళ్లకే ఇక్కడి ఓవెన్స్ కాలేజీలో చేరాడు. ఎలక్ట్రాన్‌ను మాత్రం 1897లో కేంబ్రిడ్జిలో కనిపెట్టాడు.

కూప్లాండ్ వీధిలో జరిగిన పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది చీకటిగది. రూథర్‌ఫర్డ్ సహాయకుడు హాన్స్ గైగర్, ఇంకా డిగ్రీ విద్యార్థిగానే ఉన్న ఎర్నెస్ట్ మార్స్‌డెన్ ముందు చాలాసేపు చీకట్లో కూర్చుని కళ్లను అలవాటు చేసుకునేవారు. ఆ తర్వాత సూక్ష్మదర్శినికి కన్ను ఆనించేవారు. రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా జింక్ సల్ఫైడ్ తెర మీద చిన్న మెరుపు. దాన్ని చూడాలి, లెక్కపెట్టాలి. కాసేపటికే కళ్లు అలసిపోయేవి. ఇంత ఓపిక రూథర్‌ఫర్డ్‌కు ఉండేది కాదు, గైగర్‌కు ఉండేది.

పలుచని లోహపు రేకు మీదికి వదిలితే ఆ కణాలు అందులోంచి దూసుకుపోవాలి. దాదాపు అన్నీ అలాగే పోయాయి. కానీ 1909లో ప్లాటినం పలకతో చూస్తే 8,000లో దాదాపు ఒకటి వెనక్కి తిరిగొచ్చింది! పరమాణువు బరువంతా, ధనావేశమంతా నడుమ ఒక్కచోటే కుదించుకుని ఉంటే తప్ప ఇది జరగదని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చాడు. బంగారు కేంద్రకాన్ని ఆవగింజంత చేస్తే, ఆ పరమాణువు అంచు సుమారు 20 మీటర్ల అవతల ఉంటుంది. ఆ మధ్యంతా ఎలక్ట్రాన్లు తిరిగే ఖాళీయే. లెక్క సరేనని రుజువు చేయడానికి గైగర్, మార్స్‌డెన్ 1913 నాటికి లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టారు. పేరు రూథర్‌ఫర్డ్‌కు వచ్చింది, న్యాయమే. ఆ నాలుగు కళ్ల కష్టాన్ని కూడా అంత గట్టిగానే చెప్పుకోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రయోగశాల కుర్రాళ్లంతా వెళ్లిపోయాక, ప్రయోగశాల సహాయకుడు విలియమ్ కే తోడుగా రూథర్‌ఫర్డ్ నైట్రోజన్ మీదికి ఆల్ఫా కణాలను వదిలాడు. అందులోంచి హైడ్రోజన్ కేంద్రకాలు వెలువడ్డాయి. 1919లో ఆ ఫలితం అచ్చయింది. మరుసటి ఏడు ఆ కణానికి ప్రోటాన్ అన్న పేరు వచ్చింది. ఎలక్ట్రాన్‌కు అది 1,836 రెట్లు బరువు.

మిగిలింది న్యూట్రాన్. 1908లో గణితం చదవాలని ఇక్కడికి వచ్చిన జేమ్స్ చాడ్విక్ పొరపాటున భౌతికశాస్త్రం ఇంటర్వ్యూలో కూర్చున్నాడు. బిడియస్థుడు, ఆ సంగతి చెప్పలేక అందులోనే చేరిపోయాడు. రూథర్‌ఫర్డ్‌కు శిష్యుడయ్యాడు. 1932లో కేంబ్రిడ్జిలో, ఏ ఆవేశమూ లేని ఆ కణాన్ని పట్టుకున్నాడు. బంగారం పరమాణువులో 79 ప్రోటాన్లే ఉన్నా దాని బరువు అందుకు రెండున్నర రెట్లు ఎందుకుందో అప్పుడు తెలిసింది: వాటి సరసన 118 న్యూట్రాన్లు ఉన్నాయి.