ఇంట్లో నాస్ పెట్టారా? స్పీడ్ ఇలా చూసుకోండి

నిఖా వీడియోలు, నానీమా ఫొటోలు ఒకేచోట దాచుకోవడానికి రౌటర్‌కు కలిపే హార్డ్‌డిస్క్ పెట్టె నాస్. కాపీ నెమ్మదిగా అవుతోందా? డిస్క్ పోయిందని కంగారు పడొద్దు.

ముందు కంప్యూటర్‌ని, నాస్‌ని కేబుల్‌తోనే రౌటర్‌కు కలపండి. 5 జీబీ వీడియో ఒకటి కాపీ చేయండి. వేల ఫొటోలు పంపితే స్పీడ్ ఎలాగూ తగ్గుతుంది, లెక్క తేలదు.

గిగాబిట్ అంటే సెకనుకు 1000 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 125 మెగాబైట్లు. చేతికొచ్చేది 110 దాకా. అంటే ఆ వీడియో 50 సెకన్లలోపే వెళ్లాలి. 11 దగ్గరే ఆగితే లైను 100 మెగాబిట్లదే. కేబుల్ మార్చండి. అయినా అంతేనా? రౌటర్ పోర్టే 100ది కావచ్చు. వైఫైలో మాత్రమే తగ్గితే తప్పు నాస్‌ది కాదు.

ఒక్క మాట: కాపీ అయిన వీడియో తెరిచి చూశాకే ఫోన్‌లోది తీసేయండి. ఇంకో కాపీ వేరేచోట ఉంచండి. నిఖా మళ్లీ తీయలేం కదా!