నువ్వులును బియ్యమును, పాలును నీళ్లును

ఒక్క పద్యమున రెండు అలంకారములు కలిసినప్పుడు ఆ కలయిక ఎట్టిదని మన ఆలంకారికులు విచారించి, నువ్వులును బియ్యమును కలిపినట్లు దేనికది కనబడుచుండినచో సంసృష్టి యనియు, పాలును నీళ్లును కలిపినట్లు విడదీయరాకుండినచో సంకరమనియు పేర్లు పెట్టిరి. కావ్యవిమర్శకై పుట్టిన యీ విభాగము ఇన్ని శతాబ్దముల పిదప ఒక మిఠాయి పెట్టె మీది బొమ్మను గూర్చి ఆలోచించుటకు నాకు అక్కఱకు వచ్చునని కలలోనైన అనుకొనలేదు.

నా మిత్రుడొకడు విజయవాడలో డిజైనరు. దుకాణములకు లోగోలు, సరకుల పెట్టెలకు రూపములు, బోర్డులకు అక్షరములు కల్పించి యిచ్చుట ఆతని వృత్తి. ఆత్రేయపురమునుండి ఒక పూతరేకుల వర్తకుడు ఆతని వద్దకు వచ్చి, తన సరకునకు క్రొత్త పెట్టె, క్రొత్త గుర్తు కావలెనని అడిగిననాడు నేనచ్చటనే యుంటిని. “పాతకాలపుదిలా ఉండాలండి, కాని పాతబడినట్టు ఉండకూడదండి” అని ఆయన కోరిక. నవ్వు పుట్టించు మాటయే గాని, ఆలోచించినచో ప్రతి వర్తకుడును డిజైనరును అడుగునది అదియే. అడుగువానికి అది కన్నులకు కట్టినట్లుండును, నోటికి రాదు. గీయువానికి చేయి యున్నది, ఎదుటివాని మనసులోని రూపము కనబడదు. ఈ నడుమనున్న అగాధమును దాటుటకే పూర్వము మా మిత్రుడు పత్రికలనుండి కత్తిరించిన బొమ్మలు, గుడ్డపీలికలు, రంగుల చీటీలు ఒక అట్ట మీద అంటించి చూపుచుండెడివాడు. ఇప్పుడా పనిని బొమ్మలను కలుపు కృత్రిమ మేధ చేయుచున్నది.

2022 జులైలో జనసామాన్యమునకు తలుపులు తెరచిన మిడ్‌జర్నీ యను సాధనమున ‘బ్లెండ్’ అను ఆజ్ఞ యొకటి కలదు. రెండు మొదలు ఐదు వఱకు బొమ్మల నిచ్చినచో, మాట యొక్కటియు చెప్పనక్కఱలేకయే, వాని కలయికలుగా నాలుగు క్రొత్త బొమ్మలను అది చేతికిచ్చును. ఇందలి కీలకము తెలిసికొనదగినది. ఇట్టి యంత్రములలో పెక్కింటికి మొదట నేర్పెడి విద్య చిత్రలేఖనము కాదు, మలినమును తుడుచుట. లెక్కకు మిక్కిలియైన బొమ్మల మీద, పూర్వము టీవీలో ప్రసారము లేనప్పుడు కనబడెడి చుక్కల వానవంటి దానిని కొంచెము కొంచెముగా చల్లుచు, దానిని తొలగించుట యెట్లో అభ్యసింపజేయుదురు. ఆ అభ్యాసము ముదిరిన పిమ్మట ఉత్త చుక్కల వాననే ముందుంచినను, అందుండి ఏదో యొక రూపమును అది తుడిచి తీయగలదు. ఏ రూపమును తీయవలెనో తెలుపుటకు మనమిచ్చిన బొమ్మలను అది అంకెల వరుసలుగా మార్చుకొనును. ఆ అంకెల లోకమున పిల్లి బొమ్మకు పులి బొమ్మ పొరుగున నుండును, కుర్చీ బొమ్మ దవ్వున నుండును. రెండు బొమ్మలను కలుపుటయనగా ఆ రెండు చోట్లకును నడుమనున్న తావును పట్టుకొని, అచ్చట ఏ బొమ్మ యుండదగునో దానిని తుడిచి తీయుటయే. కత్తెరతో కత్తిరించి అంటించుట కాదు. కావున ఇది సంసృష్టి కాదు, సంకరము; నువ్వులు బియ్యము కావు, పాలు నీళ్లు.

మా మిత్రుడు మూడు ఛాయాచిత్రముల నెన్నుకొనెను. బోర్లించిన కుండ మీద, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఒక్క లాగున లాగుచున్న చేయి మొదటిది. మడతపెట్టిన రేకు అంచులలోని పొరలు రెండవది. గోదావరి ఇసుకతిన్నె మీద గాలి గీసిన గీతలు మూడవది. నిమిషము గడువకమునుపే నాలుగు బొమ్మలు వచ్చినవి. ఒకదానికంటె నొకటి అందముగా నున్నవి. వర్తకుడు కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, “ఆయ్, బాగుందండి! కాని ఇది చూస్తే చీరలకొట్టు అనుకుంటారండి. మన రేకు ఎక్కడుందండి ఇందులో?” అనెను.

ఆయన మాట అక్షరాల నిజము. యంత్రము తానభ్యసించిన బొమ్మలలో విస్తారముగా నున్నదాని వైపే మొగ్గును. పలుచని తెల్లని మడతలనగానే దానికి పట్టు, మస్లిను తోచును గాని పూతరేకు తోచదు. అందము కలుగుటకును, సొంతదనము పోవుటకును కారణమొక్కటే యని నా అభిప్రాయము. 1878లో ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఆంగ్లేయుడు నేరస్థుల ముఖముల నొకదానిపై నొకటిగా ఒకే ఫలకము మీద ముద్రించి, నేరస్థుని ముఖలక్షణ మిట్టిదని కనిపెట్ట జూచెను. తీరా వచ్చినది విడివిడి ముఖములకంటె సౌమ్యమైన, చూడముచ్చటైన ముఖము. ఎగుడుదిగుడులు చెరిగిపోయినచో ఎవ్వరి ముఖమైనను నున్ననగును. లోగోకు కావలసినది ఆ నునుపు కాదు, ఆ ఎగుడుదిగుడే.

తంజావూరు సీమయందలి దారాసురమున, పన్నెండవ శతాబ్దపు ఐరావతేశ్వరాలయమున ఒక చిన్న శిల్పము కలదు. ఒక ప్రక్కనుండి చూచినచో ఏనుగు, వేఱొక ప్రక్కనుండి చూచినచో ఎద్దు. రెండింటికిని తల యొక్కటే. ఆ శిల్పి ఏనుగును సగము, ఎద్దును సగము చేసి కలుపలేదు. రెండింటికిని చెల్లెడి గీత యేదో వెదకి పట్టి, ఆ యొక్క గీతనే చెక్కెను. పాలునీళ్ల కలయికకును దీనికిని హస్తిమశకాంతరము.

అట్లని యంత్రము పని వ్యర్థమైనదా యనగా, కాలేదు. వర్తకుడు వద్దన్న నాలుగింటిలో ఒకదాని మూలన, కుండ గుండ్రని అంచునుండి తెల్లని పొర యొకటి కొంచెము పైకి లేచినట్లుండెను. యంత్రమునకది చీర చెఱగో, పూలరేకో! మా మిత్రునికి మాత్రము వేడికుండ మీద ఆరిన రేకును లేపు క్షణము కనబడెను. కుండకు అంచును రేకుకు మడతయును ఒక్క గీతయే కావచ్చునని ఆతనికి తట్టినదప్పుడే. వెంటనే తెరను వదలి పెన్సిలు పట్టినాడు. నాలుగు బొమ్మలను తిరస్కరించుటలో వర్తకునికి తనకేమి కావలెనో తెలిసినది, గీయువానికి ఏ గీత కావలెనో దొరకినది. పూర్వమీ మాత్రపు మాటకు వారము పట్టెడిది.

ఇక పని ముగించుట యంత్రమువలన కాదు. అది యిచ్చునది చుక్కల బొమ్మ. లోగో యన్నది విజిటింగు కార్డు మీదను, జాతీయ రహదారి ప్రక్కనున్న హోర్డింగు మీదను ఒకే తీరున నిలువవలెను గనుక, దానిని గీతలతో తిరిగి గీయక తప్పదు. తెలుగక్షరముల సంగతి చెప్పనే వద్దు. గుడి, సుడి, వత్తు ఒకదాని మీద నొకటి ఎక్కి, చూచుటకు తెలుగు, చదువబోయిన నేభాషయు కాదు.

చట్టము సంగతియు కొంత కలదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైటు కార్యాలయము ఒక చిత్రకథా పుస్తకము విషయమున, మాటలకును కూర్పునకును రచయిత్రికి హక్కు కలదు గాని మిడ్‌జర్నీ చేసిన బొమ్మలకు లేదని తేల్చినది. మన దేశమున 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము ప్రకారము, ముందే నమోదైన గుర్తును పోలి జనులకు భ్రాంతి గొలుపు గుర్తునకు చోటు లేదు; అందుచేత పరుల లోగోను కలగూరలో వేసి, అది గుర్తుపట్టరాకుండ కరగిపోవునని ధీమాగా నుండుట ప్రమాదము. పైగా మిడ్‌జర్నీలో సాధారణముగా చేసిన బొమ్మలు ఇతరులకు కనబడును. గోప్యతకు వేఱుగా సొమ్ము చెల్లింపవలెను. రహస్యముగా నుంచుమని కక్షిదారు ఇచ్చిన బొమ్మను ఆలోచింపక అందు వేయరాదు. ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది గనుక, ఆ యూరి పేరు పెట్టె మీద వేయుటకు సైతము నియమములున్నవి. ఇవి మా మిత్రుడు వర్తకునితో కూర్చుండి, బొమ్మకంటె ముందే మాటాడుకొన్నాడు.

పదిదినముల పిదప వర్తకుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. డెబ్బది యేండ్లు దాటిన ఆమె చేతులకు కుండ సెగ పరిచితము. ఒక్క గీతలో కుండయు రేకును ఉన్న ఆ కాగితమును ఆమె దూరముగా పట్టి చూచి, దగ్గరగా పట్టి చూచి, “బాగా గీశావు నాయనా. కాని రేకు ఇటువైపు నుంచి లేపంరా, గుడ్డ లాగిన చేతివైపు నుంచి లేపుతాం” అని వ్రేలితో గాలిలో ఆ కదలికను చూపెను. మా మిత్రుడు రబ్బరు తీసికొని ఆ అంచును చెరపి, ఆమె వ్రేలి వెంటనే తిరిగి గీయనారంభించెను.