కుహర అనునాదం

సన్నని మెడ ద్వారా మాత్రమే బయటి గాలితో సంబంధం ఉన్న బోలు పాత్రను అనునాద కుహరం అంటారు. ఖాళీ సీసా మూతిపై ఊదినపుడు వినిపించే గంభీరమైన ధ్వని ఈ కుహరానిదే. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894) ఇటువంటి గోళాలతో సంగీత ధ్వనులను విశ్లేషించి, 1863లో గ్రంథరూపంలో ప్రకటించాడు. అందువలన వీటికి హెల్మ్‌హోల్ట్జ్ అనునాదకాలు అనే పేరు వచ్చింది.

పనిచేసే విధానం

మెడలోని గాలి ఒక బరువు వలె, పాత్రలోని గాలి ఒక స్ప్రింగు వలె ప్రవర్తిస్తాయి. మెడ వైశాల్యాన్ని పాత్ర ఘనపరిమాణం, మెడ పొడవుల లబ్ధంతో భాగించి, వర్గమూలం తీసి, దానిని ధ్వని వేగంతో గుణించి 6.28తో భాగిస్తే అనునాద పౌనఃపున్యం వస్తుంది. మెడ వెలుపలి గాలి కూడా కొంత కదులుతుంది కనుక పొడవుకు వ్యాసార్ధంలో సుమారు 1.45 రెట్లు కలపాలి. విద్యార్థులు తరచుగా మరచిపోయే సవరణ ఇది.

ఒక లీటరు గాజు కూజాకు మెడ 5 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వ్యాసార్ధం ఉన్నదనుకుందాం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని పౌనఃపున్యం దాదాపు 120 హెర్ట్జ్. సికింద్రాబాదులో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే అది 119.5, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే 124.6 హెర్ట్జ్ అవుతుంది. కూజా మారలేదు, ధ్వని వేగం మారింది. ఉష్ణోగ్రతను నమోదు చేయని కొలత సగం కొలతే. ఈ నగరం సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్నా సవరణ అవసరం లేదు; పీడనంతో పాటు సాంద్రత కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

కొలిచే పద్ధతి

స్పీకరుకు ఆడియో ఆసిలేటరును కలిపి కూజాకు కొంత దూరంలో ఉంచాలి. చిన్న మైక్రోఫోనును మెడ గుండా లోపలికి దించి, పౌనఃపున్యాన్ని మెల్లగా పెంచుతూ మైక్రోఫోను వోల్టేజిని గుర్తించాలి. వోల్టేజి గరిష్ఠమైన చోటు అనునాదం. స్పీకరుకు కూడా సొంత అనునాదం ఉంటుంది కనుక, కూజా బయట మరొక మైక్రోఫోను ఉంచి రెండింటి నిష్పత్తిని తీసుకోవడం మేలు.

గరిష్ఠ విలువలో 0.707 వంతుకు వోల్టేజి పడిపోయే రెండు పౌనఃపున్యాల భేదంతో అనునాద పౌనఃపున్యాన్ని భాగిస్తే నాణ్యతా గుణకం లభిస్తుంది. 117, 123 హెర్ట్జ్‌ల వద్ద అలా పడిపోతే గుణకం 20. మెడలో కొద్దిగా దూది ఉంచితే శిఖరం పొట్టిదై, వెడల్పవుతుంది.

శోషణ

అనునాదం వద్ద కుహరం తన మూతి వైశాల్యానికి మించి ధ్వనిని పీల్చుకుంటుంది. మెడలో ఘర్షణ వలన పోయే శక్తి, తిరిగి బయటకు వెలువడే శక్తి సమానమైనపుడు శోషణ గరిష్ఠం. పై కూజాను గోడలో అమర్చి అలా సరిచేస్తే, కేవలం 3 చదరపు సెం.మీ. మూతి దాదాపు 1.3 చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానంగా 120 హెర్ట్జ్ ధ్వనిని హరిస్తుంది! దూది ఎక్కువైతే ఈ లాభం తగ్గుతుంది.

శోషణ గుణకాన్ని కొలవడానికి పొడవైన గొట్టం చివర కుహరాన్ని బిగించి, స్థిర తరంగాల గరిష్ఠ, కనిష్ఠ పీడనాల నిష్పత్తిని చూస్తారు. ఆ నిష్పత్తి 3 అయితే పరావర్తన గుణకం 0.5, అనగా శక్తిలో నాలుగవ వంతు తిరిగి వచ్చి, 75 శాతం శోషితమైనదన్నమాట.