బూజు బతుకంతా కొనలోనే

జనవరిలో మిరప పండుకాయ కోతలు మొదలయ్యాయంటే మా కొట్టు బల్ల మీద కుళ్ళుకాయలు పడుతుంటాయి. పర్చూరు దగ్గర మాది పురుగుమందుల షాపు. వచ్చిన రైతు నోరు విప్పకముందే జేబులోంచి కాయ తీసి చూపిస్తాడు. ఎర్రటి పండు మీద లోపలికి దిగిన మచ్చ, మచ్చలో వలయాలు, వలయాల్లో సూదిమొనంత నల్ల చుక్కలు. గల్లాపెట్టెలో ఉన్న భూతద్దం పెట్టి చూస్తే ఆ చుక్కల్లోంచి నల్లటి ముళ్ళు నిక్కబొడుచుకుని ఉంటాయి. ఇది కొల్లెటోట్రైకం అనే బూజు పని. ఆ బూజును మిరప మీద 1913లో మొదట వర్ణించారు. ఆ కాయ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కోయంబత్తూరుది. ఈ తెగులును మనవాళ్ళు కాయకుళ్ళు అంటారు, కొమ్మకు పాకితే కొమ్మ ఎండు అంటారు.

బోటనీ చదివి మందులమ్ముకునే నాకు బూజులో అన్నిటికంటే వింతగా అనిపించేది అది పెరిగే తీరు. బూజు పోగు పొడవునా సాగదు, కొన దగ్గర మాత్రమే పెరుగుతుంది. గోడ కట్టడానికి కావాల్సిన సరుకు వెనక తయారై, సన్నని తిత్తుల్లో కొనకు చేరుతుంది. అక్కడ గుంపుగా పోగుపడిన ఆ తిత్తులను 1924లో బ్రన్స్విక్ అనే ఆయన మైక్రోస్కోపులో చూశాడు. ఆ గుంపు ఎటు జరిగితే పోగు అటు తిరుగుతుంది. గోడ కొన దగ్గర ఇంకా మెత్తగా ఉంటుంది, లోపలి నీటి ఒత్తిడి దాన్ని ముందుకు నెడుతుంది. కాస్త వెనక్కి వచ్చేసరికి గోడ గట్టిపడి ఆగిపోతుంది.

రైతులు ఇప్పటికీ బావిస్టిన్ అని అడిగే కార్బెండజిమ్ దెబ్బకొట్టేది సరిగ్గా ఈ ఏర్పాటునే. కణంలో సరుకు నడవడానికి రైలు పట్టాల్లాంటి సన్నని గొట్టాలుంటాయి. మందు వాటి ముడిసరుకైన ట్యూబ్యులిన్‌కి అతుక్కుని వాటిని లేవనివ్వదు. కణ విభజన ఆగిపోతుంది, కొన దారి తప్పుతుంది. అయితే ఆ ట్యూబ్యులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినా మందు అతకదు. పక్క చేలో పనిచేసిన మందు తన చేలో పనిచేయలేదని రైతు నామీద విరుచుకుపడితే ప్రతిసారీ అది కల్తీయే కానక్కర్లేదు. ఏటా అదే మందు కొడితే తట్టుకున్న బూజే మిగులుతుంది.

ఈస్ట్‌ది ఇంకో తీరు. వేటపాలెం, చినగంజాం వైపు తాటితోపుల్లో దింపిన కల్లు నురగ కట్టేది దానివల్లే. అది పోగు కాదు, విడి కణం. పిల్ల పుట్టాలంటే ఒంటి మీద ఒక చోటు ఎంచుకుని అక్కడ మొగ్గ తొడుగుతుంది. ఆ చోటును గుర్తుపెట్టే ప్రొటీన్ సీడీసీ42. బూజు కొననూ అదే నడుపుతుంది, మన ఒంటి కణాల్లోనూ ఉంది. ఈస్ట్‌లో ‘ఎ’, ‘ఆల్ఫా’ అని రెండు జట్లు. ఆల్ఫా కణం 13 అమైనో ఆమ్లాల సంకేతాన్ని వదులుతుంది. ఎ కణం దాన్ని పసిగట్టి విభజన ఆపేసి, వచ్చిన దిక్కుకే ముక్కు సాగదీస్తుంది. కాళ్ళు లేవు, కాబట్టి నడవడానికి బదులు అటు పెరుగుతుంది. ముక్కూ ముక్కూ తాకి రెండూ ఒకటవుతాయి. అలా సాగిన కణానికి శాస్త్రవేత్తలు అమెరికా కామిక్ బొమ్మ ష్మూ పేరు పెట్టుకున్నారు.

మా ప్రాంతానికి ఈ పెళ్ళిగోల ఎందుకంటే, ఎండుమిర్చికీ పత్తిగింజకీ పట్టే పచ్చబూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ ఉంది కదా! ఎగుమతి సరుకును వెనక్కి తిప్పించే అఫ్లాటాక్సిన్ దాని పనే. ఐరోపా కూటమి మిర్చిలో బీ1 రకాన్ని కిలోకి 5 మైక్రోగ్రాములకు మించనివ్వదు. కూరలో ఉడికినంత మాత్రాన అది పోదు. ఈ బూజుకి జత కట్టే అలవాటే లేదని చాలాకాలం అనుకున్నారు. 2009లో బ్రూస్ హార్న్ బృందం దాని రెండు జట్లనూ కలిపి నెలల తరబడి ఉంచితే, నల్లటి గట్టి గింజల్లాంటి ముద్దల్లో సంయోగ బీజాలు దొరికాయి.

అది చిన్న సంగతి కాదు. అరిజోనా పత్తి చేలల్లో విషం తయారుచేయని ఏఎఫ్36 అనే ఫ్లేవస్‌ను చల్లి, విషబూజుకి చోటు లేకుండా చేస్తారు. నాకు నచ్చిన ఉపాయం. కానీ చల్లినది చేలోని విషబూజుతో జత కడితే పుట్టే సంతానం ఎవరి గుణం తెచ్చుకుంటుందనే ప్రశ్న 2009 తర్వాత గట్టిగానే లేచింది.

మన కల్లాల్లో అంతదాకా పోనక్కర్లేదు. కొన సాగాలంటే నీరు కావాలి. కాయలో తేమ 10, 11 శాతానికి దిగితే బూజుకి ఆ నీరు అందదు. పరదా మీద ఎండబెట్టి, సాయంత్రం కుప్ప చేసి మంచు పడకుండా కప్పమని నేను చెబుతూనే ఉంటాను. అంతా చేసినవాళ్ళే కాయను టిక్కీలో, అంటే బస్తాలో, తొక్కేముందు నీళ్ళు చల్లుతారు. ఎందుకయ్యా అంటే, “చల్లకపోతే కాయ విరిగిపోద్ది. విరిగితే యార్డులో రేటు పడిపోద్ది. ఆ తేడా నువ్విస్తావా అన్నా?” అంటారు.