రెండు పేరుల మల్లుడు: రికిదోజాన్

మల్లయుద్ధము మన దేశమునకు క్రొత్త విద్య కాదు. భీమ జరాసంధుల పోరును, కృష్ణ చాణూరుల పోరును వినని తెలుగు బాలుడు అరుదు. తాలీంఖానాలో ఎర్రమట్టి త్రవ్వి మెత్తన చేసి, ఆంజనేయునకు మ్రొక్కి కుస్తీకి దిగువారిని మన పెద్దలు చూచియున్నారు. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు ఇనుపగొలుసులు త్రెంచి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని, సర్కసు డేరాలలో జనులను ఆశ్చర్యమున ముంచెను. పంజాబు మల్లుడు దారాసింగును దూరదర్శనపు రామాయణములో హనుమంతుడుగా దేశమంతయు చూచెను.

ఈ వ్యాసము జపాను దేశపు వృత్తి మల్లయుద్ధమును గూర్చియు, ఆ దేశమున దానికి పునాది వేసిన రికిదోజాన్ అను మల్లుని గూర్చియు వ్రాయబడినది. ఇంటిలో ఒక భాషయు, ఊరి కచేరీలలో వేరొక భాషయు వినవచ్చు మన బ్రూస్‌పేట వంటి చోట్ల పెరుగు పిల్లలకును, వారి తల్లిదండ్రులకును ఆతని చరిత్ర ప్రత్యేకముగా తెలియదగినది. ఎందువలననో కథాక్రమమున తేటపడగలదు.

ఆట స్వరూపము

కుస్తీకి మట్టిగోదా చాలును. వృత్తి మల్లయుద్ధమునకు ఎత్తైన చదరపు వేదికయు, దాని చుట్టును వరుసలుగా బిగించిన త్రాళ్ళును కావలెను. ప్రత్యర్థి భుజములు రెండును నేలకు అదిమి, మధ్యవర్తి మూడు లెక్కించువరకు లేవనీయకుండ పట్టినవాడు గెలుచును. లేదా, విడిపించుకొనరాని పట్టు పట్టి ఎదుటివానిచే ‘ఇక చాలు’ అనిపింపవలెను. త్రాటిని అందుకొన్నవానిని వెంటనే విడిచిపెట్టవలెను. జంటపోరులో పక్షమునకు ఇద్దరుందురు. ఒకడు పోరాడుచుండగా రెండవవాడు మూలను కాచుకొనియుండి, తోడివాడు చేయి తాకించినప్పుడు మాత్రమే లోనికి రావలెను. పెద్ద పోటీలు పలుమారు మూడు పట్లుగా జరుగును. రెండు పట్లు నెగ్గినవానిదే జయము.

కుస్తీకిని దీనికిని గల ముఖ్యభేదము వేరొకటి కలదు. ఇందు గెలుపోటములు సాధారణముగా ముందే నిర్ణయింపబడియుండును. అట్లని దెబ్బలు తగులవని కాదు. ఎత్తి పడవేసినప్పుడు వీపు నిజముగనే మండును, ఎముకలు నిజముగనే విరుగును. ఎవడు ఎప్పుడు లేవవలెను, ఎవడు చివర పడవలెను అనునది మాత్రము ఒప్పందము.

బళ్ళారి సీమలో బయలాట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. దుర్యోధనుడు పడిపోవునని పసివానికిని తెలియును. ఐనను భీముడు గద ఎత్తినంతనే కూర్చున్నవారు లేచి నిలుతురు. కాని బయలాటను ఆటయని అందరును ఎరిగియే చూతురు. ఆనాడు మల్లవేదికపై జరుగునది నిజమైన పోటీయని చాటి టిక్కెట్టు అమ్మెడివారు. చూపబడునది ఒకటి, దాని వెనుక నున్నది వేరొకటి. రికిదోజాన్ జీవితమంతయు ఈ రెండింటి నడుమ గడచినది.

సుమోనుండి మల్లవేదికకు

రికిదోజాన్ 1924లో కొరియా దేశపు ఉత్తరభాగమున పుట్టినట్లు చెప్పుదురు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కిమ్ సిన్‌రాక్. ఆనాడు కొరియా జపాను ఏలుబడిలో ఉండెను. 1910 మొదలు 1945 వరకు ఆ పాలన సాగెను. 1938 తరువాత అచటి పాఠశాలలలో కొరియాభాషకు చోటు క్రమముగా తగ్గిపోయెను. 1940లో కొరియా ప్రజలు జపాను తీరున పేర్లు పెట్టుకొనవలెనని ప్రభుత్వము ఒత్తిడి చేసెను.

ఆ సంవత్సరమే ఈ యువకుడు జపానులో సుమో కుస్తీకి దిగెను. సుమో ఆ దేశపు ప్రాచీన మల్లవిద్య. గుండ్రని బరినుండి ఎదుటివానిని వెలుపలికి నెట్టుటయో, పాదములు తప్ప వేరొక అవయవము నేలను తాకునట్లు చేయుటయో ఇందు గెలుపు. అచట ఆతనికి రికిదోజాన్ అను పేరు వచ్చెను. బలము, మార్గము, పర్వతము అను మూడు మాటల కూర్పు అది. మొదట మల్లుల పట్టికలో ఆతని స్వస్థలము కొరియా అని అచ్చుపడెను. కొంతకాలమునకు ఆ మాట పోయి, నాగసాకి మండలములోని ఓమురా అని వచ్చెను. ఆతడు సుమోలో మూడవ మెట్టయిన ‘సెకివాకె’ పదవివరకు ఎదిగి, 1950లో తన సిగ తానే కోసికొని సుమోను విడిచెను.

1951 అక్టోబరు 28వ తేదీన టోక్యోలో అమెరికా మల్లుడు బాబీ బ్రన్సుతో ఆతని మొదటి వృత్తి పోటీ జరిగెను. మరుసటి సంవత్సరము హవాయి ద్వీపమునకు పోయి శిక్షణ పొందెను. 1953లో తిరిగివచ్చి జపాను వృత్తి మల్లయుద్ధ సంఘమును నిలబెట్టెను. అప్పటికి ప్రభుత్వ పత్రములలో ఆతని పేరు మొమోతా మిత్సుహిరో.

వీథిలో గుమికూడిన దేశము

1954 ఫిబ్రవరి 19వ తేదీన టోక్యోలోని కురమాయె సుమోశాలలో రికిదోజాన్, జూడో వీరుడు కిమురా మసాహికో ఒక పక్షముగను, బెన్, మైక్ షార్ప్ సోదరులు రెండవ పక్షముగను జంటపోరు జరిగెను. వరుసగా మూడు రాత్రులు ఈ ఉత్సవము సాగెను. జపానులో టెలివిజను ప్రసారములు మొదలై అప్పటికి ఒక్క సంవత్సరమే. పెట్టె కొనగలిగిన ఇండ్లు చాల తక్కువ. అందుచేత కూడళ్ళలోను, రైలుస్టేషనుల ముందరను ఎత్తుగా నిలిపిన పెట్టెల యెదుట వేలకొలది జనులు చలిలో నిలబడి చూచిరి.

ఆ పోటీ నడక గమనింపదగినది. షార్ప్ సోదరులు ఎత్తరులు, బలిష్ఠులు. వారు నియమము తప్పి ఇద్దరును కూడి కిమురాను మూలకు నెట్టి కొట్టుదురు. మూలను నిలిచిన రికిదోజాన్ ఓర్చుకొనును, మరల ఓర్చుకొనును. ఓర్పు తీరి లోనికి వచ్చి అరచేతి అంచుతో వారి రొమ్ముపై నరికినట్లు కొట్టును. ఆ మహాకాయులు వెనుకకు తూలుదురు. యుద్ధములో ఓడి, 1952 ఏప్రిలు వరకు పరసేనల అదుపులో నున్న ప్రజలకు ఆ దెబ్బ ఎట్లుండెనో ఊహింపవచ్చును. మన నాటకకర్తలకు తెలిసిన కిటుకే ఇది: కీచకుని అక్రమము ఎంత పెరిగిన, భీముని దెబ్బకు అంత విలువ.

ఒప్పందము తప్పిన రాత్రి

ఈ పోటీలలో దెబ్బలు తినుట కిమురా వంతు, కాపాడుట రికిదోజాన్ వంతు. జూడోలో దేశమునకే మేటియైన కిమురాకు ఇది మింగుడుపడలేదు. నిజమైన పోటీ యగుచో తానే గెలుతునని పత్రికలవారితో అనెను. 1954 డిసెంబరు 22వ తేదీన ఇద్దరును ఎదురుపడిరి. కొంతసేపు ఆట మామూలుగా సాగెను. హఠాత్తుగా రికిదోజాన్ నిజమైన దెబ్బలు కురిపించెను. కిమురా నెత్తుటితో నేలకూలి లేవలేకపోయెను. సమముగా ముగింపవలెనని ముందు అనుకొంటిమని ఆతడు తరువాతి కాలమున చెప్పెను.

ఈ పోటీని గొప్ప విజయముగా పొగడినవారు కలరు. మన తూకమున అది నిలువదు. కుస్తీ యగుచో ఇద్దరకు తెలిసి పోరాడవలెను. ఆట యగుచో మాట నిలుపుకొనవలెను. ఒకడు ఆటయని నమ్మి చేతులు దించినప్పుడు రెండవవాడు నిజముగా కొట్టుట బలమునకు గుర్తు కాదు. రికిదోజాన్ మహాబలుడనుట నిజము. ఆ రాత్రి ఆతడు న్యాయము తప్పెననుటయు నిజము.

శిఖరము

1955లో కింగ్ కాంగ్ అను పేర ఆసియా దేశములందు తిరుగుచుండిన మల్లుడును, మన దారాసింగును జపాను వెళ్ళి ఆ వేదికపై దిగిరి. ఆ యేడు నవంబరులో రికిదోజాన్ కింగ్ కాంగును ఓడించి ఆసియా విజేత అను బిరుదు పొందెను. 1957 అక్టోబరు 7వ తేదీన అమెరికా మల్లశ్రేష్ఠుడు లూ థెజ్‌తో టోక్యోలో గంటసేపు పోరాడి సమముగా నిలిచెను. దెబ్బలకంటె పట్లకు ప్రాధాన్యమిచ్చిన ఆ పోటీ ఆతని విద్యకు గీటురాయి. 1963 మే 24వ తేదీన ‘డెస్ట్రాయర్’ అను ముసుగు మల్లునితో జరిగిన పోరు మరల సమముగా ముగిసెను. టెలివిజను లెక్కలలో ఆ ప్రసారమునకు నూటికి 64 వంతులు వచ్చినట్లు నమోదైనది.

ఆ యేడు డిసెంబరు 8వ తేదీ రాత్రి ఒక విహారశాలలో కలిగిన తగవులో ఒకడు ఆతనిని కత్తితో పొడిచెను. వారము దినములకు, 15వ తేదీన, రికిదోజాన్ మరణించెను. వయస్సు ముప్పది తొమ్మిది.

దాచిన పేరు

ఇంతవరకు చెప్పినది అందరును చూచిన చరిత్ర. ఇక చూడని చరిత్ర. జపాను ప్రజలు తమ జాతి పౌరుషమునకు ప్రతిరూపముగా కొలిచిన వీరుడు పుట్టుకచేత కొరియావాడు. ఈ సంగతి ఆతని వృత్తిలోని వారు కొందరెరుగుదురు, సామాన్య ప్రేక్షకులకు తెలియదు. అచ్చయిన జీవితచరిత్రలలో ఆతని జన్మస్థలము నాగసాకియే. 1963 జనవరిలో ఆతడు దక్షిణ కొరియాకు పోయినప్పుడు అచట గౌరవము లభించెను, జపాను పత్రికలు చాలవరకు మౌనము వహించెను. ఆతడు చనిపోయిన చాల సంవత్సరములకు గాని నిజము లోకమునకు విశదము కాలేదు. ఇందు మరొక విచిత్రము కలదు. అమెరికావారని కేకలు వేసి జనులు ద్వేషించిన షార్ప్ సోదరులు కెనడా దేశస్థులు. జపానువారు కానివాడు, అమెరికావారు కానివారితో పోరాడగా, రెండు దేశముల పగ తీరినదని జనులు పొంగిపోయిరి.

ఆతడేల దాచెను? ఆనాడు జపానులోని కొరియావారు తమ పేరు చెప్పుకొన్నచో ఉద్యోగము దొరకుట కష్టము, ఇల్లు అద్దెకు దొరకుట కష్టము. 1952లో వారి జపాను పౌరసత్వమును తొలగిపోయెను. చాలమంది ఇంటిలో ఒక పేరును, బజారులో ఒక పేరును పెట్టుకొని బ్రతికిరి. రికిదోజాన్ కీర్తి జపాను జాతివాడను నమ్మకముపై కట్టబడినది. పునాది కదలినచో మేడ కూలునని ఆతడు భయపడెను. మల్లవేదికపై ఒప్పందము గంటతో ముగియును. ఆతడు ఒప్పుకొన్న ఈ వేషము ఆతని ఊపిరి ఉన్నంతకాలము ముగియలేదు.

ఆతని శిష్యులలో కిమ్ ఇల్ అనువాడొకడు కలడు. అతడును కొరియావాడే. జపాను వేదికపై ఓకి కింతారో అను పేరను, కొరియాలో కిమ్ ఇల్ అను స్వంత పేరను పోరాడి, రెండు దేశములలోను కీర్తి గడించెను. తన పుట్టుకను అతడు దాచలేదు. గురువు మోయలేకపోయిన రెండు పేరులను శిష్యుడు పగటివెలుగులో మోసెను. వయస్సులో వారికి అయిదేండ్ల అంతరమే. ఇతర శిష్యులలో ఆంటోనియో ఇనోకి, జయింట్ బాబా 1972లో చెరియొక సంఘమును స్థాపించి గురువు విద్యను నిలిపిరి.

మనకేమి?

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడిన నాడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. అది మొదలు ఇచటి తెలుగు కుటుంబములు అల్పసంఖ్యాకుల భాష మాటలాడువారైరి. మన స్థితి జపానులోని కొరియావారి స్థితి కాదు. ఇచట ఎవరును మనలను పేరు మార్చుకొమ్మనలేదు. 1956లో మన రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రముయొక్క విధియని పలుకుచున్నది.

ఐనను చట్టము చేయలేని పని యొకటి ఇంటివారికి మిగిలియున్నది. క్రొత్తవారి యెదుట తల్లి తెలుగున పిలిచినచో ఉలికిపడి, వినన ట్లుండు బిడ్డలు మనలో లేకపోలేదు. కన్నడము బాగుగ నేర్చినచో తెలుగు పోవునని భయపడు తల్లిదండ్రులును లేకపోలేదు. ఈ రెండు భయములకును బళ్ళారి నడివీథిలోనే సమాధానము కలదు. తాడిపత్రిలో 1880లో పుట్టి, ఈ ఊర న్యాయవాదిగా బ్రతికిన బళ్ళారి రాఘవాచార్యులు తెలుగు నాటకములును ఆడెను, కన్నడ నాటకములును ఆడెను, ఆంగ్లమునను ఆడెను. రంగముపై నూరు వేషములు వేసినవాడు, రంగము దిగిన పిదప ఏ వేషమును వేయనక్కరలేకపోయెను. ఊరి పేరే ఆతని యింటిపేరైనది. ఆతని పేర నాటకశాల ఈ పట్టణమున నిలిచియున్నది.

బాలబాలికలారా! రికిదోజాన్ పట్టుదలను మెచ్చుకొనుడు. పరదేశమున ఒంటరిగా చేరి, ఒక విద్యను నేర్చి, మరొక విద్యకు పునాది వేసిన సాహసము సామాన్యమైనది కాదు. కిమురాకు ఆతడు చేసిన అన్యాయమును మరువకుడు. తన తల్లి పిలిచిన పేరును జనులయెదుట పలుకలేక ఆతడు పడిన బాధను తలపోయుడు. మీ తరగతిలో ఉర్దూయో, తమిళమో, లంబాడీయో మాటలాడు బిడ్డ యున్నచో, వాని పేరు వాని యింటిలో ఎట్లు పలుకుదురో అడిగి తెలిసికొని, అట్లే పిలువుడు.